కొట్టివేసినా చెరగని అక్షరాలు

యిర్మీయా చెప్పగా బారూకు రాసిన గ్రంథాన్ని రాజైన యెహోయాకీము చాకుతో కోసి కుంపటిలో వేశాడు (యిర్మీయా 36). ఆ రాజును మనం తప్పుపడతాం. కానీ అదే చాకు ఒకప్పుడు మన సంస్కరణ పితరుల చేతిలోనూ ఉండేదని ఎందరికి తెలుసు?

అచ్చుయంత్రం రాకముందు యూరప్‌లో ప్రార్థన పుస్తకాలను చేత్తోనే రాసేవారు. దూడ, గొర్రె చర్మాలను సున్నపు నీళ్లలో నానబెట్టి, గీకి, చట్రానికి బిగించి ఆరబెట్టి పుటలు చేసేవారు. మొదటి అక్షరానికి బంగారు రేకు అతికి మెరుగుపెట్టేవారు. నీలం రంగు కోసం ఆఫ్ఘనిస్తాన్ గనుల రాయి సముద్రాలు దాటి వెళ్లేది. రోజుకు ఎనిమిదిసార్లు చేసే ప్రార్థనల కోసం సామాన్య విశ్వాసులు ఉంచుకున్న ఇలాంటి పుస్తకాన్ని ‘బుక్ ఆఫ్ అవర్స్’ అంటారు. వాటి ఖాళీ పుటల్లో ఎన్నో కుటుంబాలు పిల్లల పుట్టిన తేదీలు, పెద్దల మరణాలు రాసుకున్నాయి.

1538లో ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ, థామస్ బెకెట్ అనే పరిశుద్ధుని పేరును ప్రార్థన పుస్తకాలన్నిటిలో చెరిపేయమన్నాడు. 1550లో పాత ఆరాధన పుస్తకాలను నాశనం చేయాలని చట్టమే వచ్చింది. ఎన్నో కాలిపోయాయి. అయితే కొందరు ఆ పేరుమీద సన్నని గీత మాత్రం గీసి ఊరుకున్నారు. గీత కింది అక్షరాలు నేటికీ చదవవచ్చు. పరిశుద్ధులకు ప్రార్థించడాన్ని మనం అంగీకరించం, నిజమే. కానీ బోధను దిద్దడం వేరు, భక్తితో పనిచేసిన చేతుల కష్టాన్ని కాల్చడం వేరు. గుడారపు పనికోసం బెసలేలును ఆత్మతో నింపినవాడు దేవుడే కదా!

మన చేతిరాత గ్రంథాలకూ కష్టాలు తప్పలేదు. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1727లో కొత్త నిబంధనను తెలుగులోకి తెచ్చినా, అది అచ్చుకు నోచుకోలేదు. సెరాంపూర్‌లో మూడు తెలుగు సువార్తలు అచ్చయ్యేసరికి 1812 వచ్చింది.

మా మల్లాపూర్‌లో ఒక ఇంట్లో కొత్త బైబిలు కొన్నాక, అట్ట ఊడిన పాతదాన్ని పారేయబోయారు. బీడీలు చుట్టే అవ్వ అడ్డుపడింది. ఆమెకు చదువు రాదు. కానీ మొదటి పుటలో గల్ఫ్‌కు పోయిన కొడుకు పుట్టినరోజు ఉందని ఆమెకు తెలుసు.

రాజు కాల్చిన గ్రంథాన్ని యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. వాక్యాన్ని దేవుడు కాపాడుకుంటాడు. దాన్ని మనదాకా మోసిన పుటలను కాపాడడం మాత్రం మన వంతు. మీ ఇంటి పెట్టె అడుగున ఏముందో ఈ వారం ఒకసారి తెరిచి చూడండి.