మీకు తెలుసా? బల్లికి గట్టిగా దగ్గడం చేతకాదు

బల్లులు మనలా గట్టిగా దగ్గలేవు, ఎందుకంటే దగ్గుకు ఊతమిచ్చే డయాఫ్రం అనే కండర పొర వాటికి లేదు. పక్కటెముకల కండరాలతోనే ఊపిరి తీస్తాయి. అందుకే ఊపిరితిత్తుల్లో చేరిన కఫం బయటికి రాక అక్కడే చిక్కబడి న్యుమోనియాకు దారితీస్తుంది. ఇంట్లో పెంచే బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి తల పైకెత్తి, నోరు తెరిచి, గురగుర చప్పుడుతో ఊపిరి తీస్తూ, నోటి అంచున బుడగలు కడుతుంటే జబ్బు ముదిరినట్టే. గూటిలో వేడినిచ్చే దీపం కింద కాసేపు నోరు తెరవడం మామూలే. చల్లటి మూలకు వెళ్లాక కూడా మూయకపోతే డాక్టరుకు చూపించడంలో ఆలస్యం చేయకూడదు. గ్రీన్ ఇగ్వానా అనే మరో బల్లి తుమ్మినప్పుడు గూటి అద్దం మీద పడే తెల్లటి పొర మాత్రం జలుబు కాదు, ముక్కులోని గ్రంథులు వదిలేసే ఉప్పు.

ఇంకో విశేషం: బల్లి జ్వరాన్ని బయటి వేడి నుంచే తెచ్చుకుంటుంది. అమెరికాలో ఎడారి ఇగ్వానాలకు బ్యాక్టీరియా ఎక్కించి పరిశీలించిన ఫలితాలు 1975లో వెలువడ్డాయి. 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచినవాటిలో ఎక్కువ బతికాయి, 34 డిగ్రీల దగ్గర ఉంచినవి చాలావరకు చనిపోయాయి. అందుకే వెటర్నరీ డాక్టర్లు యాంటీబయాటిక్‌తో పాటు గూడు వేడిని ఆ జాతికి సరిపడే పైస్థాయిలో ఉంచమంటారు. గూడు చల్లగా ఉంటే మందు కూడా సరిగా పనిచేయదు. మనుషుల మాత్రలు విరిచి వేయడం ప్రాణాంతకం కావచ్చు, దయచేసి ఆ పని చేయకండి.