అమెరికాలో ఫెడరల్ విద్యార్థి ఆర్థిక సహాయం

ఫెడరల్ విద్యార్థి ఆర్థిక సహాయం అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కళాశాల విద్య అభ్యసించే విద్యార్థులకు అక్కడి కేంద్ర ప్రభుత్వం అందించే ధన సహాయం. ఇది ప్రధానంగా మూడు విధాలు: తిరిగి చెల్లించనవసరం లేని గ్రాంటు, పని చేసి సంపాదించుకొనే వర్క్-స్టడీ, వడ్డీతో తిరిగి చెల్లించవలసిన రుణం. ఈ మూడింటినీ కలిపి "సహాయం" అనే ఒకే పేరుతో వ్యవహరించినా వీటి స్వభావాలు పూర్తిగా వేరు. కళాశాల పంపే సహాయ పత్రంలో మూడూ ఒకే వరుసలో కనిపించడం వలన రుణాన్ని కూడా ఉచిత ధనంగా పొరబడే అవకాశం ఉన్నది.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికుల చదువు కోసం 1944లో చేసిన చట్టం కళాశాల విద్యకు కేంద్ర ప్రభుత్వం పెద్ద ఎత్తున ధనం వెచ్చించడానికి నాంది పలికింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించిన తరువాత విజ్ఞాన శాస్త్ర విద్యలో వెనుకబడిపోతామన్న ఆందోళన అమెరికాలో బయలుదేరింది. ఫలితంగా 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం వచ్చి, విద్యార్థులకు తక్కువ వడ్డీ రుణాలను ప్రవేశపెట్టింది. ఈ రుణాలకే తరువాతి కాలంలో కెంటకీ ప్రతినిధి కార్ల్ పెర్కిన్స్ పేరు పెట్టారు. కొత్త పెర్కిన్స్ రుణాల మంజూరు 2017లో ఆగిపోయింది.

వర్క్-స్టడీ పథకం 1964 నాటి ఆర్థిక అవకాశాల చట్టంతో మొదలైనది. మరుసటి సంవత్సరం నవంబరు 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉన్నత విద్యా చట్టంపై సంతకం చేశాడు. పేదరికంలో పని చేసుకుంటూ చదువుకున్న జాన్సన్ ఈ సంతకానికి టెక్సాస్‌లోని సాన్ మార్కస్‌లో తాను చదివిన కళాశాలనే వేదికగా ఎంచుకున్నాడు. నేటి సహాయ కార్యక్రమాలలో అత్యధికం ఈ చట్టంలోని నాలుగవ భాగం క్రిందనే నడుస్తున్నవి.

1972లో ఈ చట్టాన్ని సవరించి, పేద విద్యార్థులకు నేరుగా చెందే ప్రాథమిక గ్రాంటును నెలకొల్పారు. దీని కోసం కృషి చేసిన రోడ్ ఐలాండ్ సెనేటరు క్లెయిబోర్న్ పెల్ పేరు మీద 1980లో దీనికి పెల్ గ్రాంటు అని పేరు మార్చారు. చాలా కాలం పాటు విద్యార్థి రుణాలను ప్రైవేటు బ్యాంకులు ఇచ్చేవి, ప్రభుత్వం హామీగా ఉండేది. 2010లో చేసిన చట్టంతో ఈ పద్ధతి ముగిసి, కొత్త ఫెడరల్ రుణాలన్నిటినీ ప్రభుత్వమే నేరుగా ఇవ్వడం ప్రారంభమైనది.

దరఖాస్తు విధానం

మూడు విధాల సహాయానికీ ఒకే దరఖాస్తు కలదు. దీనిని సంక్షిప్తంగా ఫాఫ్సా అంటారు. దీనికి రుసుము లేదు. కనుక దరఖాస్తు నింపడానికి డబ్బు అడిగే మధ్యవర్తుల అవసరం లేదు. సహాయం కావలసిన ప్రతి విద్యా సంవత్సరానికీ దీనిని తిరిగి సమర్పించాలి. సాధారణంగా రాబోయే విద్యా సంవత్సరపు దరఖాస్తు అక్టోబరు 1న వెలువడుతుంది. కేంద్ర ప్రభుత్వ గడువు ఆ విద్యా సంవత్సరం ముగిసే జూన్ 30 వరకు ఉన్నా, రాష్ట్రాల గడువులు, కళాశాలల గడువులు చాలా ముందుగానే ముగుస్తాయి. కొన్ని నిధులు ముందు వచ్చినవారికే సరిపోతాయి. అందువలన ఆలస్యం చేసిన విద్యార్థి అర్హత ఉండి కూడా కొంత సహాయం కోల్పోవచ్చు.

దరఖాస్తులోని ఆదాయ వివరాలు రెండు సంవత్సరాల క్రితపు పన్ను లెక్కల నుండి తీసుకోబడతాయి. 24 సంవత్సరాలు నిండని అవివాహిత విద్యార్థులను, కొన్ని మినహాయింపులతో, తల్లిదండ్రులపై ఆధారపడినవారిగా పరిగణిస్తారు. అటువంటి వారి విషయంలో తల్లిదండ్రుల ఆదాయం కూడా లెక్కకు వస్తుంది. విద్యార్థి వేరే ఇంట్లో ఉంటున్నంత మాత్రాన, తల్లిదండ్రులు ఫీజు కట్టనన్నంత మాత్రాన స్వతంత్రుడుగా లెక్కించరు. కుటుంబ ఆదాయం రెండేళ్లలో బాగా తగ్గిపోయిన పక్షంలో, ఉద్యోగం పోవడం వంటి కారణాలను ఆధారాలతో చూపి, పునఃపరిశీలన కోరుతూ కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయానికి విన్నవించుకోవచ్చు.

అవసరాన్ని లెక్కించే పద్ధతి

దరఖాస్తు ఆధారంగా ప్రతి విద్యార్థికి ఒక సంఖ్య కేటాయిస్తారు. 2024-25 విద్యా సంవత్సరం నుండి దీనిని విద్యార్థి సహాయ సూచిక అంటున్నారు. అంతకు ముందు వాడుకలో ఉన్న "కుటుంబం నుండి ఆశించే వాటా" అనే సంఖ్యకు బదులుగా ఇది వచ్చింది. కొత్త సూచిక -1500 వరకు తగ్గగలదు. సూచిక ఎంత తక్కువైతే అవసరం అంత ఎక్కువ అని అర్థం.

కళాశాల ఖర్చు అంటే ట్యూషన్ ఫీజు మాత్రమే కాదు. వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణం, సొంత ఖర్చులు కూడా అందులో చేరుతాయి. ఈ మొత్తం ఖర్చు నుండి సూచికను, ఇతర మార్గాల ద్వారా వచ్చిన సహాయాన్ని తీసివేయగా మిగిలినదే ఆర్థిక అవసరం. అయితే ఆ అవసరం మొత్తాన్ని తీర్చవలసిన బాధ్యత కళాశాలకు గాని ప్రభుత్వానికి గాని లేదు. మిగిలిన లోటును కుటుంబమే పూడ్చుకోవలసి ఉంటుంది.

గ్రాంట్లు

పెల్ గ్రాంటు వీటిలో ముఖ్యమైనది. ఇది మొదటి డిగ్రీ ఇంకా పూర్తి చేయని, ఆర్థిక అవసరం గల విద్యార్థులకు లభిస్తుంది. 2023-24 నుండి 2025-26 వరకు మూడు విద్యా సంవత్సరాలలోనూ దీని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లుగా ఉన్నది. ఒక విద్యార్థి జీవిత కాలంలో దాదాపు 12 సెమిస్టర్లకు సమానమైన కాలం మాత్రమే దీనిని పొందగలడు. 1970ల మధ్యలో ప్రభుత్వ కళాశాలలో నాలుగేళ్ల డిగ్రీ చదివే విద్యార్థి వార్షిక ఖర్చులో దాదాపు నాలుగింట మూడు వంతులను గరిష్ఠ పెల్ గ్రాంటు భరించగలిగేది. ఖర్చులు పెరిగిన వేగంతో గ్రాంటు పెరగకపోవడం వలన ఈ వాటా మూడింట ఒక వంతు వరకు పడిపోయింది. ఆ లోటులో ఎక్కువ భాగాన్ని రుణాలు ఆక్రమించాయి.

రెండవది అనుబంధ విద్యా అవకాశ గ్రాంటు. ఇది సంవత్సరానికి 100 నుండి 4,000 డాలర్ల వరకు ఉంటుంది. దీనికి కళాశాలకు పరిమిత నిధి మాత్రమే కేటాయిస్తారు కనుక అది అయిపోయిన తరువాత ఎంత పేద విద్యార్థికైనా లభించదు.

ఉపాధ్యాయ వృత్తికి సిద్ధమయ్యేవారికి టీచ్ గ్రాంటు అనే మరొకటి కలదు. దీనిని తీసుకున్నవారు చదువు ముగిసిన ఎనిమిది సంవత్సరాలలోపు నాలుగు సంవత్సరాల పాటు పేద విద్యార్థులు ఎక్కువగా ఉన్న పాఠశాలలో, ఉపాధ్యాయుల కొరత గల విషయాన్ని బోధించాలి. ఈ షరతు నెరవేర్చకపోతే ఆ గ్రాంటు మొత్తం వడ్డీతో సహా రుణంగా మారిపోతుంది.

వర్క్-స్టడీ

ఈ పథకం క్రింద విద్యార్థికి కళాశాలలోనో, సమాజ సేవా సంస్థలోనో పార్ట్‌టైం ఉద్యోగం లభిస్తుంది. గ్రంథాలయం, ప్రయోగశాల, కార్యాలయం, చిన్న పిల్లలకు చదవడం నేర్పే కేంద్రాలు ఇందుకు ఉదాహరణలు. జీతంలో అధిక భాగాన్ని సాధారణంగా కేంద్ర ప్రభుత్వం, మిగిలినది యజమాని భరిస్తారు. జీతం కనీస వేతనానికి తగ్గకూడదు.

సహాయ పత్రంలో 2,500 డాలర్ల వర్క్-స్టడీ అని ఉన్నంత మాత్రాన ఆ ధనం చేతికి వచ్చినట్లు కాదు. అది సంపాదించుకోగల గరిష్ఠ మొత్తం మాత్రమే. చాలా చోట్ల ఉద్యోగాన్ని విద్యార్థే వెతుక్కోవాలి. జీతం పనిచేసిన గంటల ప్రకారం తరువాత వస్తుంది కనుక సెమిస్టరు ఆరంభంలో కట్టవలసిన ఫీజుకు ఇది అక్కరకు రాదు. అయితే ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది. ఈ సంపాదనను తరువాతి సంవత్సరాల సహాయ సూచిక లెక్కలో విద్యార్థి ఆదాయం నుండి మినహాయిస్తారు. బయట చేసిన ఉద్యోగానికి ఈ మినహాయింపు లేదు.

రుణాలు

డిగ్రీ విద్యార్థుల రుణాలు రెండు రకాలు. సబ్సిడీ రుణంపై విద్యార్థి కనీసం సగం స్థాయి చదువులో ఉన్నంత కాలం వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. ఇది ఆర్థిక అవసరం ఉన్నవారికే లభిస్తుంది. సబ్సిడీ లేని రుణానికి అవసరంతో నిమిత్తం లేదు, కాని ధనం విడుదలైన రోజు నుండే వడ్డీ పెరుగుతుంది.

తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి మొదటి సంవత్సరం 5,500, రెండవ సంవత్సరం 6,500, ఆ తరువాత సంవత్సరానికి 7,500 డాలర్ల వరకు మాత్రమే తీసుకోగలడు. డిగ్రీ మొత్తానికి పరిమితి 31,000 డాలర్లు. అందులో సబ్సిడీ రుణం 23,000 డాలర్లకు మించరాదు. స్వతంత్ర విద్యార్థికి మొత్తం పరిమితి 57,500 డాలర్లు.

వడ్డీ రేటును ప్రతి సంవత్సరం ప్రభుత్వ బాండ్ల వేలం ఆధారంగా నిర్ణయిస్తారు. ఒకసారి తీసుకున్న రుణానికి ఆ రేటు చివరి వరకు మారదు. డిగ్రీ విద్యార్థులకు ఇది 2024-25లో 6.53 శాతం, 2025-26లో 6.39 శాతం. దీనికి తోడు, రుణం విడుదల చేసేటప్పుడే కొంత రుసుము మినహాయించుకుంటారు. 2024-25లో ఇది 1.057 శాతంగా ఉండినది.

పై చదువులకు, తల్లిదండ్రులకు ఇచ్చే ప్లస్ రుణాలపై చాలా కాలం పాటు మొత్తం ఖర్చు తప్ప వేరే పరిమితి ఉండేది కాదు. 2025 జూలై 4న సంతకమైన చట్టం దీనిని మార్చింది. దాని ప్రకారం 2026 జూలై 1 నుండి పై చదువుల విద్యార్థులకు కొత్తగా ప్లస్ రుణాలు ఉండవు. తల్లిదండ్రుల ప్లస్ రుణానికి ఒక్కొక్క బిడ్డపై సంవత్సరానికి 20,000, మొత్తం 65,000 డాలర్ల పరిమితి విధించబడినది. అప్పటికే రుణం తీసుకుంటున్నవారికి కొన్ని మినహాయింపులు ఉన్నవి.

ఒక ఉదాహరణ

ఒక కళాశాలలో సంవత్సరపు మొత్తం ఖర్చు 28,000 డాలర్లు, విద్యార్థి సహాయ సూచిక 0 అనుకొందాం. సహాయ పత్రంలో పెల్ గ్రాంటు 7,395, అనుబంధ గ్రాంటు 1,000, వర్క్-స్టడీ 2,500, రుణం 5,500 డాలర్లు చూపారు. మొత్తం 16,395 డాలర్ల "సహాయం" అని పత్రం చెబుతుంది. కాని ఇందులో ఉచితంగా లభించేది 8,395 డాలర్లు మాత్రమే. 2,500 డాలర్లు శ్రమకు ప్రతిఫలం. 5,500 డాలర్లు అప్పు. ఇవన్నీ పోను ఇంకా 11,605 డాలర్ల లోటు ఉన్నది. వర్క్-స్టడీ జీతం తరువాత గాని రాదు కనుక, అది అందేలోపు కుటుంబం సర్దుకోవలసిన మొత్తం ఇంతకంటే ఎక్కువే.

ఆ రుణంలో 3,500 సబ్సిడీ, 2,000 సబ్సిడీ లేనిది అయితే, 6.53 శాతం చొప్పున ఆ 2,000 డాలర్లపై ఏడాదికి దాదాపు 130 డాలర్ల వడ్డీ చేరుతుంది. నాలుగేళ్ల చదువు ముగిసి వాయిదాలు మొదలయ్యే నాటికి ఈ మొదటి సంవత్సరపు అప్పుపై వడ్డీయే 500 డాలర్లు దాటుతుంది.

తిరిగి చెల్లింపు

చదువు ముగిసిన లేదా మానివేసిన తరువాత ఆరు నెలల వ్యవధి ఇస్తారు. ఆ తరువాత వాయిదాలు మొదలవుతాయి. డిగ్రీ పూర్తి కాకపోయినా, ఉద్యోగం దొరకకపోయినా రుణం రద్దు కాదు. సెమిస్టరులో 60 శాతం కాలం గడవకముందే చదువు మానివేస్తే, అప్పటికి ఇచ్చిన సహాయంలో కొంత భాగాన్ని వెనక్కి ఇవ్వవలసి రావచ్చు. అందువలన మధ్యలో చదువు ఆపేవారు ముందుగా సహాయ కార్యాలయాన్ని సంప్రదించడం మంచిది.

సాధారణ చెల్లింపు కాలం 10 సంవత్సరాలు. ఆదాయాన్ని బట్టి వాయిదా నిర్ణయించే పద్ధతులు కూడా ఉన్నవి. 2026 జూలై 1 నుండి తీసుకొనే కొత్త రుణాలకు రెండే మార్గాలు ఉంటాయి. ఒకటి రుణ మొత్తాన్ని బట్టి 10 నుండి 25 సంవత్సరాల స్థిర వాయిదా పద్ధతి. రెండవది ఆదాయంలో 1 నుండి 10 శాతం వరకు చెల్లించే పద్ధతి. ఇందులో నెలకు కనీసం 10 డాలర్లు కట్టాలి. 30 సంవత్సరాల తరువాత మిగిలిన బాకీ రద్దవుతుంది. ప్రభుత్వ, లాభాపేక్ష లేని సంస్థలలో పనిచేస్తూ 120 వాయిదాలు చెల్లించినవారికి మిగిలిన బాకీని మాఫీ చేసే పథకం 2007 నుండి ఉన్నది.

270 రోజుల పాటు వాయిదాలు కట్టనివారిని ఎగవేతదారులుగా పరిగణిస్తారు. అప్పుడు న్యాయస్థానానికి వెళ్లనవసరం లేకుండానే జీతం నుండి, పన్ను వాపసు నుండి బాకీని మినహాయించుకొనే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. దివాలా ద్వారా ఈ అప్పు నుండి బయటపడడం చాలా కష్టం. విస్తృత రుణ మాఫీకి చేసిన ఒక ప్రయత్నాన్ని 2023 జూన్ 30న అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఫెడరల్ విద్యార్థి రుణాల మొత్తం బాకీ 1.6 లక్షల కోట్ల డాలర్లను దాటినది.

అర్హత, తెలుగు కుటుంబాలు

ఈ సహాయం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు గల శాశ్వత నివాసులకు, శరణార్థులు వంటి మరికొన్ని వర్గాలకు మాత్రమే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి ఎఫ్-1 వీసాపై వెళ్ళే విద్యార్థులకు ఇందులో ఏ భాగమూ లభించదు. వారు కళాశాల ప్రాంగణంలో చేసే ఉద్యోగం ఫెడరల్ వర్క్-స్టడీ కాదు. కళాశాల తన సొంత నిధుల నుండి ఇచ్చే ఉపకార వేతనాలు, అసిస్టెంట్‌షిప్పులు మాత్రం వారికి లభించవచ్చు.

తల్లిదండ్రులు హెచ్-1బి వీసాపై ఉన్న కుటుంబాలలో ఒకే ఇంటి పిల్లల మధ్య కూడా భేదం ఏర్పడుతుంది. భారతదేశంలో పుట్టి హెచ్-4 వీసాపై ఉన్న పెద్ద బిడ్డ చదువంతా అమెరికాలోనే సాగినా ఈ సహాయానికి అర్హత ఉండదు. అమెరికాలో పుట్టి పౌరసత్వం పొందిన తోబుట్టువుకు, తల్లిదండ్రులు పౌరులు కాకపోయినా, దరఖాస్తు చేసుకొనే హక్కు ఉన్నది. గ్రీన్ కార్డు వచ్చిన తరువాత పెద్ద బిడ్డ కూడా అర్హత పొందుతాడు. తల్లిదండ్రుల వీసా స్థితిని చూసి తమ పిల్లలకు ఏమీ రాదని దరఖాస్తు చేయకుండా ఉండిపోవడం వలన అర్హులైన పిల్లలు నష్టపోవచ్చు.

ఇవి కూడా చూడండి

ఉన్నత విద్య
ఉపకార వేతనం
క్లెయిబోర్న్ పెల్
లిండన్ జాన్సన్