మానవ పిండ మూలకణాలు - ఆశలు, వాస్తవాలు

గాయపడిన చర్మం మానుతుంది; విరిగిన ఎముక అతుకుతుంది. అయితే మెదడులోను, వెన్నుపాములోను నశించిన నాడీకణాల స్థానంలో కొత్తవి ఏర్పడటం బహు అరుదు. ఈ లోటును ప్రయోగశాలలో పెంచిన కణాలతో పూరించే ప్రయత్నమే పునరుత్పాదక వైద్యం. ఇందులో మానవ పిండ మూలకణాలకు విశిష్ట స్థానం ఉంది.

ఫలదీకరణ జరిగిన సుమారు 5 రోజులకు పిండం లోపల బోలుగా ఉండే చిన్న కణగుచ్ఛంగా ఉంటుంది. అందులోని అంతర కణాలను వేరుచేసి పెంచినవే పిండ మూలకణాలు. ఎముక మజ్జలోని మూలకణాలు ప్రధానంగా రక్తకణాలను మాత్రమే ఇస్తాయి. పిండ మూలకణాలు శరీరంలోని ఏ కణంగానైనా మారగలవు. ఎంతకాలమైనా విభజన చెందగలవు. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ బృందం వీటిని తొలిసారిగా వేరుచేసింది. సంతాన సాఫల్య చికిత్సలో మిగిలిపోగా, దంపతుల సమ్మతితో లభించిన పిండాలను ఇందుకు వినియోగించారు.

ఈ ప్రక్రియలో పిండం నశిస్తుంది కనుక నైతిక వివాదం తలెత్తింది. 2001లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధులపై విధించిన ఆంక్షలను 2009లో సడలించింది. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా ఎలుక చర్మకణాలను పిండ మూలకణాల వంటి స్థితికి మరలించి ప్రత్యామ్నాయ మార్గం చూపారు. 2012లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

మూలకణాలను యథాతథంగా శరీరంలోకి ఎక్కిస్తే కణితులు ఏర్పడే ప్రమాదం ఉంది. అందువల్ల వాటిని ముందుగా అవసరమైన కణాలుగా మార్చాలి. 1998 నాటి కణశ్రేణులలో ఒకదాని నుంచి రూపొందించిన నాడీకణాలను 12 మంది పార్కిన్సన్స్ రోగుల మెదడులో ప్రవేశపెట్టగా, 18 నెలల వరకు కణాల కారణంగా తీవ్ర దుష్ఫలితాలు కానరాలేదని 2025లో వెల్లడైంది. ఇది భద్రతను పరీక్షించిన తొలి దశ మాత్రమే. వ్యాధి నయమవుతుందని నిర్ధారించలేదు. ఈ మెట్టుకు చేరడానికే 27 సంవత్సరాలు పట్టడం గమనార్హం.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం సంయుక్తంగా 2017లో జాతీయ మార్గదర్శకాలను వెలువరించాయి. వీటి ప్రకారం మానవ పిండాన్ని 14 రోజులకు మించి ప్రయోగశాలలో పెంచరాదు. రక్త సంబంధ వ్యాధులు తదితరాలకు ఆమోదం పొందిన మూలకణ మార్పిడి మినహా, ఇతర వినియోగమంతా అనుమతి పొందిన పరిశోధనగానే సాగాలి.

బిడ్డ ఆరోగ్యం కోసం పొలం అమ్ముకోవడానికైనా వెనుదీయని తల్లిదండ్రులకు పరిశోధనకు, చికిత్సకు గల భేదం తెలియడం అత్యవసరం. మూలకణాలతో వ్యాధి నయమవుతుందన్న ప్రకటన వెలువడినప్పుడు అవి ఏ రకం కణాలు, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉందా, నైతిక సంఘం ఆమోదించిందా, భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో నమోదైందా అని పాత్రికేయులు, అధికారులు విచారించాలి. ఈ నాలుగు ప్రశ్నలు ఒక కుటుంబాన్ని అప్పుల పాలు కాకుండా కాపాడగలవు.