శునక శిక్షణలో దండనకు బదులు బహుమతి: శాస్త్రీయ ఆధారం, ఆచరణ విధానం

పొలం, పశువుల కొట్టం, గొర్రెల మంద కాపలాకు గ్రామాలలోను, తోడుకు పట్టణాలలోను కుక్కలను పెంచడం సర్వసాధారణం. వాటికి క్రమశిక్షణ నేర్పాలంటే చేత కర్ర ఉండాలనే భావన నేటికీ బలంగా ఉంది. దెబ్బకు భయపడి కుక్క వెంటనే ఆగిపోతుంది కనుక ఈ పద్ధతి ఫలించినట్లే కనిపిస్తుంది. అయితే భయంతో అణగిన ప్రవర్తన వేరు, నేర్చుకొన్న ప్రవర్తన వేరు. ఈ భేదాన్ని పెంపకందారులకు వివరించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.

అభ్యసన సూత్రాలు

పిల్లులపై ప్రయోగాలు జరిపిన థార్న్‌డైక్, సంతృప్తికరమైన ఫలితాన్నిచ్చే ప్రతిచర్య బలపడుతుందని, బాధ కలిగించేది బలహీనపడుతుందని ఫలిత నియమంలో ప్రతిపాదించాడు. 1930వ దశకంలో ఆయనే దీనిని సవరించి, బహుమతి ప్రతిచర్యను బలపరచినంతగా దండన దానిని బలహీనపరచదని పేర్కొన్నాడు. స్కిన్నర్ కార్యసాధక నిబంధనంలోని పునర్బలనమే నేటి బహుమతి శిక్షణకు మూలం.

దండన ఏమి చేయరాదో మాత్రమే సూచిస్తుంది. ఏమి చేయాలో తెలుపదు. పైగా పావ్‌లోవ్ వివరించిన శాస్త్రీయ నిబంధనం ప్రకారం, దెబ్బ తగిలిన క్షణంలో ఎదురుగా ఉన్న మనిషిని, పసిబిడ్డను లేదా స్థలాన్ని కుక్క ఆ బాధతో ముడిపెట్టుకొనవచ్చు. గుర్రుమన్న ప్రతిసారీ కొడితే కుక్క గుర్రుమనడం మానుతుంది గాని భయం తొలగదు. ఫలితంగా హెచ్చరిక లేకుండా కరిచే ప్రమాదం పెరుగుతుంది. రేబిస్ వ్యాధి ఉన్న మన దేశంలో ఇది ప్రజారోగ్యానికి సంబంధించిన విషయం కూడా.

పరిశోధన ఫలితాలు

బ్రిటన్‌లో 364 మంది యజమానులపై జరిపి 2004లో ప్రచురించిన సర్వేలో, బహుమతితో నేర్పిన కుక్కలలో విధేయత ఎక్కువగాను, దండన వాడిన చోట ప్రవర్తనా సమస్యలు అధికంగాను కనిపించాయి. సర్వే కార్యకారణ సంబంధాన్ని నిరూపించదు. సమస్య ఉన్నందువల్లనే కొందరు దండించి ఉండవచ్చు. పోర్చుగల్‌లో 92 కుక్కలపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, దండన ఆధారిత శిక్షణ పొందినవి ఎక్కువ ఒత్తిడి లక్షణాలు చూపాయి. శిక్షణానంతరం వాటి లాలాజలంలో కార్టిసాల్ పెరిగింది. అదే ఏడాది బ్రిటన్‌లో 63 కుక్కలపై వెలువడిన మరొక అధ్యయనంలో విద్యుత్ పట్టీల కంటే బహుమతి శిక్షణే మెరుగైన ఫలితాలిచ్చింది.

ఆచరణ విధానం

1. కుక్కకు ఇష్టమైనదే బహుమతి. ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డును గోరంత ముక్కలుగా చేయాలి. ఇవి రోజువారీ ఆహార శక్తిలో 10 శాతం మించరాదు. చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ విషతుల్యం.

2. కోరిన పని చేసిన ఒకటి రెండు సెకన్లలోపే బహుమతి అందాలి. ఆలస్యమైతే ఆ తరువాత చేసిన పని బలపడుతుంది.

3. పనిని చిన్న దశలుగా విభజించాలి. "రా" అనే ఆదేశాన్ని మొదట రెండడుగుల దూరంలో, ఇంటి లోపల నేర్పి, క్రమంగా దూరాన్ని, ఆ తరువాత పరిసరాల సందడిని పెంచాలి. ఒక్కో విడత 5 నిమిషాలు చాలు.

4. ఇంటిల్లిపాదీ ఒకే పనికి ఒకే మాట వాడాలి.

5. ప్రవర్తన స్థిరపడిన తరువాత బహుమతిని అప్పుడప్పుడు మాత్రమే ఇవ్వాలి. ఇలా బలపడిన ప్రవర్తన ఎక్కువ కాలం నిలుస్తుంది.

అవాంఛనీయ ప్రవర్తన

బహుమతి శిక్షణ అంటే కుక్కను ఇష్టానుసారం వదలివేయడం కాదు. మీదికి దూకే కుక్కను పట్టించుకొనక పక్కకు తిరిగి, నాలుగు కాళ్లూ నేలపై ఆన్చినప్పుడు ఆదరించాలి. కోళ్లను తరిమే కుక్కను కొంతకాలం తాడుతో అదుపులో ఉంచి, కోళ్ల నుండి చూపు మరల్చి యజమాని వైపు చూసినప్పుడు బహుమతి ఇవ్వాలి. తరమడమే దానికి ఆనందం కనుక, ఆ అవకాశం లేకుండా చేయడం శిక్షణలో సగభాగం. అకస్మాత్తుగా కోపస్వభావం కనబరిస్తే నొప్పి లేదా వ్యాధి కారణం కావచ్చు. ముందుగా పశువైద్యునిచే పరీక్ష చేయించాలి.

ముగింపు

ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు; సరైన సమయం, ఓర్పు చాలు. రేబిస్ టీకా శిబిరాలకు కుక్కలతో వచ్చే పెంపకందారుల ఎదుట 5 నిమిషాల ప్రదర్శన చేసి, వారి చేతనే ఒకసారి చేయించినట్లయితే, ఉపన్యాసం కంటే అది ఎక్కువ ప్రయోజనకరం. నేర్చుకొనే జీవికి వెంటనే ఫలితం కనిపించాలన్న సూత్రం వారికీ వర్తిస్తుంది.