చేపకి వేసిన మందు కప్పని చంపకూడదంటే

ఈ రోజు టాపిక్ నేను చేసిన ఒక తప్పు గురించి.

నా రూమ్‌లో చిన్న ట్యాంక్ ఉండేది. నాలుగు గప్పీలు, రెండు ఆఫ్రికన్ డ్వార్ఫ్ ఫ్రాగ్స్. బొటనవేలంత కప్పలు, ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి. ఒకరోజు చూస్తే ఒక గప్పీ ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటోంది. షాప్‌లో అడిగితే ఒక సీసా ఇచ్చి "ట్యాంక్‌లో వేసెయ్యండి, తగ్గిపోద్ది" అన్నారు. వేసేశా. చేప బతికింది. రెండో రోజు పొద్దున చూస్తే ఒక కప్ప పోయింది. లేబుల్ అప్పుడు చదివా: మలకైట్ గ్రీన్, ఫార్మలిన్.

ఎందుకిలా అవుతుంది? కప్ప చర్మం చాలా పల్చన. నీళ్లు, ఆక్సిజన్ ఆ చర్మం గుండా లోపలికి వెళ్తాయి. నీళ్లలో మందు కలిస్తే అదీ వెళ్తుంది. కాపర్ ఉన్న మందులు, ఉప్పు కూడా వాటికి ప్రమాదమే. హీటర్‌ని 30 డిగ్రీలకి పెంచడం చేపల వరకు ఓకే, కానీ ఈ కప్పలకి 24 నుంచి 26 మధ్యే హాయి.

ఆ చుక్కల జబ్బు పేరు ఇక్. అదొక పరాన్నజీవి. చేప చర్మం కింద ఉన్నంతసేపు దానికి మందు తగలదు. తర్వాత రాలి, అడుగున అతుక్కుని, వందల పిల్లలుగా విడిపోతుంది. అవి ఇంకో చేపని వెతుక్కుంటూ ఈదుతాయి. మందు పనిచేసేది అప్పుడే. చేప దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో చచ్చిపోతాయి.

సొల్యూషన్ ఇందులోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రొడక్షన్ సర్వర్ మీద డైరెక్ట్‌గా ప్రయోగాలు చేయం కదా, ఇక్కడా అంతే. కప్పల్ని కదపొద్దు, చేపల్ని బయటికి తియ్యండి.

ఒకటి: సబ్బు తగలని కొత్త బకెట్‌లో అదే ట్యాంక్ నీళ్లు పోసి, ఎయిర్ పంప్, హీటర్ పెట్టండి. చుక్కలు లేని చేపల్ని కూడా మార్చండి, వాటిలోనూ దాగి ఉండొచ్చు.

రెండు: బకెట్‌లో ఎన్ని లీటర్లున్నాయో కొలిచి, లేబుల్ ప్రకారమే మందు వెయ్యండి. రోజూ పావు వంతు నీళ్లు మార్చి, తీసిన నీళ్లకి సరిపడా మందు మళ్లీ కలపండి. కుళాయి నీళ్లయితే ముందు క్లోరిన్ తీసెయ్యాలి. చుక్కలు పోగానే ఆపొద్దు, కోర్సు పూర్తి చెయ్యండి.

మూడు: మెయిన్ ట్యాంక్‌లో కప్పలకి మామూలుగా మేత పెట్టండి, మందు మాత్రం చుక్క కూడా వద్దు. కనీసం మూడు వారాలు చేపల్లేకుండా ఉంచండి. బకెట్‌లో వాడిన వల ఇందులో ముంచొద్దు.

ఇప్పటికే మందు వేసేశారా? అయితే వెంటనే కప్పల్ని అదే వేడి ఉన్న, క్లోరిన్ లేని మంచి నీళ్ల టబ్‌లోకి మార్చండి. మూత పెట్టండి, దూకేస్తాయి. కానీ అవి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి కాబట్టి మూతకి, నీళ్లకి మధ్య ఖాళీ ఉండాలి.

మిగిలిన నా కప్ప ఇంకా బతికే ఉంది. ఇప్పుడు ఏ సీసా కొన్నా మూత తియ్యకముందే వెనకవైపు చదువుతున్నా. మీరూ చదవండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!