వార్తల్లో పదం: సెరటోనిన్ సిద్ధాంతం

డిప్రెషన్ అను మనోవ్యాధికి మెదడులో సెరటోనిన్ అను రసాయనము కొరవడుటయే కారణమని చెప్పెడి వాదమిది. 2022వ సంవత్సరమున లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జోవన్నా మాంక్రీఫ్ బృందము, పూర్వపరిశోధనలను సమీక్షించి, ఇందుకు నిలుకడగల సాక్ష్యము లేదని ప్రకటించుటతో ఈ పదము వార్తలకెక్కి, నిపుణుల నడుమ వివాదాస్పదమైనది.

దీని పుట్టుక విచిత్రము. 1950వ దశకమున క్షయరోగులకిచ్చిన ఐప్రోనయజిడ్ అను మందు వారి మనస్సులను సైతము ఉల్లాసపరచుట గమనించిన వైద్యులు, ఆ మందు సెరటోనిన్‌ను పెంచు తీరునుబట్టి వ్యాధికారణమును ఊహింపగా, ఆ ఊహయే 1960వ దశకమున సిద్ధాంతరూపము దాల్చినది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన, సెరటోనిన్‌ను పెంచెడి ఫ్లూఆక్సెటిన్ అను డిప్రెషన్ మందు దానిని జనుల నోళ్ల నానునట్లు చేసినది.

శొంఠికషాయముతో జలుబు తగ్గినంతమాత్రమున, ఒంటిలో శొంఠి కొరవడుటచేతనే జలుబు చేసినదనుట తర్కము కాదు గదా! అట్లే, కారణవాదము వీగినంతనే ఔషధము నిష్ప్రయోజనమనుటయు తొందరపాటే. ఏలనన, పరీక్షలలో ఈ మందులు ఉత్తుత్తి మాత్రలకంటె కొంత మేలు చేయుట కనబడినది. మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన, ఆలోచనాసరళిని దిద్దెడి చికిత్సయు ఫలమిచ్చినది. ఇక కారణము మాటకు వచ్చిన, దేహము, మనస్సు, సమాజము మూడును వ్యాధికి హేతువులేయని 1977లో వైద్యుడు జార్జ్ ఎంగెల్ ప్రతిపాదించెను.

కావున కారణమేది, చికిత్స ఫలించునా అను రెండు ప్రశ్నలను వేర్వేరుగా తూచుటయే వివేకము. వాడుచున్న మందును వైద్యుని అడుగక మానుట మాత్రము ప్రమాదకరము.