లౌడు స్పీకరు పెట్టె మౌనముగా నుండవలెను

బొబ్బిలి వీణను పనసకఱ్ఱతో చేయుదురు. తీగెతోబాటు ఆ కఱ్ఱయు కదలి నాదమును పెంపొందించుటయే వీణకు సొంపు. లౌడు స్పీకరు పెట్టెకు ఆ గుణమే దోషము. వీణ తాను పాడవలెను. లౌడు స్పీకరు పరుల పలుకును ఉన్నదున్నట్లు వినిపింపవలెను. పెట్టెయు పాడ మొదలిడెనేని ఉపన్యాసకుని గొంతు కుండలోనుండి వచ్చినట్లుండును. వెనుక బల్లపై కూర్చున్న బాలునకు సగము మాటలు తెలియవు. కావున స్వయముగా పెట్టెను చేసికొనువారు ఈ విషయమును చక్కగా గ్రహింపవలెను.

స్పీకరులోని కాగితపు శంకువు ముందునకు కదలునప్పుడెల్ల, దానిని మోయు లోహపు చట్రము వెనుకకు త్రోయబడును. ఆ త్రోపుడు పెట్టె పలకలకు ప్రాకును. ప్రతి పలకకును సహజమైన కంపనసంఖ్య యొకటి కలదు. దానికి సరియగు స్వరము తగిలినప్పుడు పలక మ్రోగును. స్వరము ఆగిన పిదపను కొంతసేపు మ్రోగుచునే యుండును.

పలకను మందముగా చేసిన చాలునని పలువురు తలంతురు. మందము రెట్టింపైనచో బిగువు 8 రెట్లు, బరువు 2 రెట్లు అగును. అందుచే కంపనసంఖ్య 2 రెట్లగును. అనగా మ్రోత పైస్థాయికి పోవునే గాని నశింపదు. నశింపజేయుటకు కంపనశక్తిని వేడిగా మార్చు పదార్థము కావలెను. బి.బి.సి. వారి ఎల్.ఎస్.3/5ఎ అను చిన్న స్పీకరు పెట్టెను 12 మిల్లీమీటర్ల బర్చి ప్లైవుడ్డుతో చేసి, లోపల తారు పలకలు అంటించిరి. ఆ సంస్థకు చెందిన హార్వుడ్, మాథ్యూస్ గార్లు పెట్టెల నిర్మాణమును గూర్చి 1977లో ఒక నివేదికను ప్రకటించిరి.

ఇక పదార్థముల గుణదోషములు.

రబ్బరు: నేలపై వైచిన బంతివలె ఎగురు రబ్బరు పనికిరాదు, ఏలననగా తాను గ్రహించిన శక్తిని తిరిగి యిచ్చివేయును. ఎగురక చతికిలబడు బ్యూటైల్ రబ్బరు మేలు.

తారు అట్ట: చౌకయైనది, గుణము గలది. దీనిని పలక నడిమి భాగమున అంటింపవలెను. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ఊళ్లలో ఇది మెత్తబడి జాఱవచ్చును. కావున జిగురుతోబాటు చిన్న మేకులును కొట్టవలెను.

ఇసుక: రెండు పలకల నడుమ పొడియిసుక నింపినచో రేణువులు ఒఱసికొని కంపనమును అణచును. వార్ఫ్‌డేల్ సంస్థాపకులైన బ్రిగ్స్ గారు 1950 దశకములో ఈ పద్ధతిని వాడిరి. ఒక్క రేణువు అయస్కాంతపు సందులో పడినను తీగచుట్ట గీరుకొని చెడును గాన, అతుకులన్నిటిని భద్రముగా మూయవలెను.

దూది, ఉన్ని: ఇవి పెట్టెలోని గాలియందలి శబ్దమును తగ్గించును, పలకను మాత్రము అణపజాలవు.

అన్నిటికంటె ఉత్తమమైన పద్ధతి రెండు పలుచని పలకల నడుమ జిగటపొర నుంచుట. పలకలు వంగునప్పుడు ఒకదానిపై నొకటి జరుగజూచును. నడిమి పొర ఆ లాగుడున నలిగి శక్తిని వేడిగా మార్చును. ఈ రహస్యమును కెర్విన్ గారు 1959లో గణితముతో వివరించిరి. రెండు పలకలకును అడ్డముగా మరలు బిగించినచో అవి జరుగలేవు గాన శ్రమ వ్యర్థమగును.

లోహపు చట్రపు కాళ్లకు పలుచని తారుపట్టీ చాలును. అది శంకువునకు తగులరాదు, గాలిదారులను మూయరాదు.

పరీక్ష సులభము. పలకను వ్రేలి కణుపుతో తట్టుడు. ఖంగుమని సాగినచో పని మిగిలియున్నది. దబ్బుమని వెంటనే ఆగినచో పని ముగిసినది. పదార్థమును విరివిగా కొనుటకు ముందు ఒక్క పలకపై అంటించి, తట్టి చూడుడు. ధనమును, శ్రమయు మిగులును.